గూడ్స్ బండి గార్డు చెప్పిన మాట

మా ఇంగ్లీషు మేడం పోయారని పోయిన నెల ఒక మంగళవారం పొద్దున్న ఫోనొచ్చింది. కాలేజీకి టైమైపోతోందని స్కూటర్ తాళం కోసం ఇల్లంతా వెతుకుతున్నాను. ఫోన్ చేసింది మేడం చెల్లెలు. "అక్క ఎలిపోయిందమ్మా" అన్నారు. ఫోన్ పెట్టేశాను. తాళం నా చేతిలోనే ఉంది.

విజయనగరం బజారులోంచి వాళ్ళింటికి వెళ్తున్నంతసేపూ నా బుర్రలో తిరిగింది ఏమిటో చెబితే మీరు నవ్వుతారు. ఇంగ్లీషులో చనిపోవడానికి "పాస్ అవే" అంటారు, "పాస్ ఆన్" అని కూడా అంటారు కదా, ఈ రెంటికీ తేడా ఏమిటి అని. ఏడవాల్సిన సమయంలో ఇదేం పాడుబుద్ధి అని నన్ను నేనే తిట్టుకున్నాను. కానీ అది నా తప్పు కాదు, ఆవిడ అంటించిన జబ్బు. ఎనిమిదో తరగతిలో అంటించారు, నలభయ్యో ఏట కూడా వదల్లేదు. "అవే" అంటే ఇక్కణ్ణుంచి దూరంగా, అంటే మిగిలిపోయిన మనం అనే మాట. "ఆన్" అంటే ముందుకి, అంటే వెళ్ళేవాళ్ళ వైపు నిలబడి అనే మాట. ఇదీ ఆవిడ చెప్పిన తేడా. చెప్పి ఊరుకునే మనిషైతే బాగుండును. "మరి తెలుగులో 'పోయింది' అంటాం, 'ఎలిపోయింది' అంటాం. ఆ రెండోదాంట్లో 'పో' ఏటి పని సేస్తన్నాదో రేపు సెప్పండి" అని ఇంటికి ఒక ప్రశ్న కట్టి పంపేవారు. అది ఎన్ని రేపులైనా తేలేది కాదు.

ఆవిడ చీపురుపల్లి దగ్గర ఒక ప్రభుత్వ బాలికల హైస్కూల్లో చాలా ఏళ్ళు పనిచేశారు. సొంతూరు పాతపట్నం అవతల, మాటల్లో ఎప్పుడైనా ఓ ఒడియా ముక్క దొర్లేది. పెళ్ళి చేసుకోలేదు. భర్త పోయిన చెల్లెల్ని తెచ్చి తన దగ్గర పెట్టుకున్నారు. రొంటిన ఎప్పుడూ ఒక గుడ్డ సంచి దోపుకుని ఉండేవారు. అందులో తాళాలు గానీ చిల్లర గానీ ఉంటాయని కొత్తవాళ్ళు అనుకునేవారు. ఉండేవి చిన్న చిన్న చీటీలు, అరంగుళం పెన్సిలు ముక్క. ఎవరైనా నాలుగు ఇంగ్లీషు ముక్కలు మాట్లాడితే చాలు, ఆవిడ చెయ్యి సంచిలోకి పోయేది.

ఇంగ్లీషు క్రియల పక్కన చేరే చిన్న మాటలంటే ఆవిడకి పిచ్చి. అప్, అవుట్, ఆఫ్, ఇన్, డౌన్. "గివ్" అంటే ఇవ్వడం అని పుస్తకం చెబుతుంది. దాని పక్కన "అప్" వచ్చి కూర్చుంటే ప్రయత్నం మానుకోవడం, "ఇన్" కూర్చుంటే లొంగిపోవడం, "అవే" కూర్చుంటే పంచిపెట్టడం, ఒక్కోసారి గుట్టు బయటపెట్టడం. ఇవ్వడం ఏమైపోయింది మధ్యలో? ఈ ప్రశ్న ఆవిడ మమ్మల్ని అడిగినట్టు ఉండేది కాదు, నిజంగా తనకే తెలియక అడిగినట్టు ఉండేది. ముప్ఫై ఏళ్ళు పాఠం చెప్పిన మనిషి ముఖంలో ఆ కుతూహలం నేను ఇంకెవరిలోనూ చూడలేదు. నా ముఖంలో ఐతే అస్సలు చూడలేదు, నేనూ ఇప్పుడు జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు లెక్చరర్నే.

మేం పరీక్ష గైడు తెచ్చుకుంటే ఆవిడకి ఒళ్ళు మండేది. అందులో ఇలాంటి మాటలన్నీ పక్కపక్కన అర్థాలతో బారుగా వేసి ఉండేవి. ఒకసారి గైడు లాక్కుని ఒక మాట మీద వేలు పెట్టారు. "ఇది ఎవరన్నారే?"

"పుస్తకంలో ఉందండి."

"పుస్తకానికి నోరున్నాదేటి? ఎవరో ఒకరు, ఎక్కడో ఒకకాడ, ఏదో అవసరం పడి అనుండాలి కదా. అన్న మనిషి లేని మాట నాకొద్దు."

అందుకని ఆవిడ పద్ధతి వేరుగా ఉండేది. సంవత్సరం మొదట్లో ఒక గాజుసీసాలో చీటీలు వేసి తెచ్చేవారు. ఒక్కో పిల్లా ఒకటి తియ్యాలి. ఏ క్రియ వస్తే అది ఆ ఏడాదంతా ఆ పిల్లది. దాని పక్కన ఏ చిన్న మాటలు చేరుతున్నాయో చెవులతో విని పట్టుకుని రావాలి. ప్రతి సోమవారం ఒక చీటీ ఇవ్వాలి. చీటీలో నాలుగు గీతలు: మాట ఏమిటి, ఎవరన్నారు, ఎక్కడన్నారు, అప్పుడక్కడ ఏం జరుగుతోంది. నాలుగో గీత లేని చీటీని ఆవిడ తీసుకునేవారు కాదు. అప్పుడేం జరుగుతోందో తెలియకుండా మాటకి అర్థం ఎలా తెలుస్తుంది అనేవారు.

మా ఊళ్ళలో ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళెవరు అని మీకు అనుమానం రావచ్చు. మాకూ వచ్చింది. వెతకడం మొదలెట్టాక తెలిసింది, చాలామంది ఉన్నారని. బ్యాంకులో వేరే రాష్ట్రం నుంచి వచ్చిన మేనేజరు చిక్కు తీరుస్తాననడానికి "సార్ట్ అవుట్" అనేవాడు. మందుల కంపెనీ కుర్రాళ్ళు డాక్టరు గది బయట, ఓసారి వచ్చిపో అనడానికి, ఒకరితో ఒకరు "డ్రాప్ ఇన్" అనుకునేవారు. రేడియోలో క్రికెట్ కామెంటరీ ఉండేది. చీపురుపల్లి స్టేషన్లో పట్టాల పని చూడ్డానికి వచ్చిన ఇంజనీరు ఒకాయన ఇంజను డ్రైవరుతో "స్లో డౌన్" అన్నాడని ఒక పిల్ల చీటీ తెచ్చింది. పై వారం ఇంకో పిల్ల, అదే ఇంజనీరు "స్లో అప్" అన్నాడని తెచ్చింది. రెండింటికీ అర్థం ఒకటే, నెమ్మదించమని. కిందికి వెళ్ళినా పైకి వెళ్ళినా నెమ్మదే ఎలా అవుతుందే అని మేడం ఆ రోజు పాఠం మానేసి గంటసేపు సంబరపడ్డారు. సిలబస్ వెనకబడింది. ఆవిడ సిలబస్ ఎప్పుడూ వెనకబడే ఉండేది.

ఒక చీటీకి ఒక సాక్షి. మూడు వేరు వేరు నోళ్ళ నుంచి విన్నాకే ఆ మాట పెద్ద నోటుబుక్కులోకి ఎక్కేది. అప్పటిదాకా వెనక అట్టకి అతికించిన కవరులో ఉండేది. ఇంగ్లీషు అక్షరాల వరసలో బోలెడు నోటుబుక్కులు, ఒక్కోదానికీ గళ్ళ గుడ్డతో అట్ట. తన నోటి నుంచి వచ్చింది మాత్రం లెక్కలోకి రాదనేవారు. "నాకు కావాలనుంటే నేను అనేస్తాను కదే. నన్ను నమ్మకూడదు" అనేవారు. మమ్మల్ని మాత్రం నమ్మేవారు. పదమూడేళ్ళ పిల్ల నాలుగు గీతలు రాసి తెస్తే అది కోర్టు కాగితమే ఆవిడకి.

స్కూలు తనిఖీకి వచ్చిన పెద్దాఫీసరు ఒకాయన ఆ నోటుబుక్కు తిరగేసి, "డిస్కస్ అబౌట్ అని రాయించారేంటి? డిస్కస్ పక్కన అబౌట్ రాకూడదు, తప్పు" అన్నారు. మేడం ఏమాత్రం తొణకలేదు. "తప్పనే పక్కన రాశానండి. కానీ అన్నవాళ్ళున్నారు. మూడో సాక్షి మీరే, ఇందాక హెడ్‌మాస్టారి గదిలో అన్నారు" అని చీటీ తీసి చూపించారు. ఆయన పేరు, ఆయన హోదా, అప్పుడు టీ తాగుతున్నారని కూడా రాసి ఉంది. ఆఫీసరు గారు కాసేపు చూసి, మంచి మనిషి కాబట్టి నవ్వేశారు. అలాగే "ఫిల్ ఇన్", "ఫిల్ అప్", "ఫిల్ అవుట్" మూడూ ఆవిడ రాసుకున్నారు. దరఖాస్తు నింపడానికి మనవాళ్ళంతా "ఫిల్ అప్" అంటారు, అది ఎక్కడో ఎవరో ఒప్పుకోకపోయినా మన దగ్గర బతికే ఉంది అనేవారు.

ఆవిడ పాఠం ఎలా ఉండేదో ఒక్కటి చెబుతాను. "టర్న్ ఆఫ్ ఇట్" అని రాశాను నేను. తప్పు కొట్టకుండా అడిగారు, "మీ ఊరి ఆటోలో సన్నపిల్లని ఎక్కడ కూర్సోబెడతారే?"

"మధ్యలో అండి."

"మరి 'ఇట్' సన్నపిల్లే. మధ్యలో కూర్సోబెట్టు. 'టర్న్ ఇట్ ఆఫ్.' అదే బియ్యం బస్తా లాంటి పెద్ద మాటైతే ఎనకాల ఎయ్యి, 'టర్న్ ఆఫ్ ది బిగ్ లైట్ ఇన్ ది వరండా' అని. 'లుక్ ఆఫ్టర్' మాత్రం వేరు. ఆళ్ళిద్దరూ మధ్యలో ఎవర్నీ కూర్సోనివ్వరు."

నేను ఇప్పటికీ నా క్లాసులో ఇదే చెబుతాను, నా సొంతం అన్నట్టు.

ఇంకొకటి కూడా ఆవిడే చూపించారు. మన తెలుగు క్రియల వెనక కూడా ఇలాంటి తోకలే ఉన్నాయి. చేసెయ్యి, చేసిపెట్టు, చేసుకో. మూడూ చెయ్యడమే. కానీ "కూర చేసెయ్యి" అంటే పని తెమిలిపోవాలని, "చేసిపెట్టు" అంటే ఎవరికోసమో, "చేసుకో" అంటే నీకోసం. "ఇయ్యన్నీ మీకెవరు నేర్పారే? ఎవురూ నేర్పలేదు. ఇన్నారు, అన్నారు. ఇంగ్లీషు వాళ్ళ పిల్లలూ అంతే" అనేవారు. అప్పటిదాకా ఇంగ్లీషంటే వేరే లోకం అనుకున్న మాకు, అదీ ఎవరో అమ్మా పిల్లలూ వంటింట్లో మాట్లాడుకునేదే అని ఆ రోజు అర్థమైంది.

ఇక నా సంగతి. సీసాలోంచి నాకు "వెయిట్" వచ్చింది. నా పక్క పిల్లకి "గెట్" వచ్చింది. గెట్ అంటే పండగ. గెట్ అప్, గెట్ ఆన్, గెట్ అవుట్, గెట్ అవే, దానికి రోజుకొకటి దొరికేది. నా "వెయిట్"కి "ఫర్" తప్ప దిక్కు లేదు. స్టేషన్లో ఎవరిని విన్నా "వెయిట్ ఫర్" అనే అనేవారు. ఒకసారి "వెయిట్ ఆన్" అంటే వడ్డించడం అని తెలిసింది, అదీ రేడియోలో. "వెయిట్ అవుట్" అంటే ఒకటి ముగిసేదాకా ఆగడం అని మేడమే ఓసారి చెప్పారు, కానీ ఆవిడ నోటి మాట చెల్లదాయె. వారం వారం పాత చీటీయే కొత్త సాక్షితో ఇస్తూంటే క్లాసులో నవ్వేవారు. నాకు ఉక్రోషం వచ్చేది. మారుస్తారా మేడం అని అడిగితే, "నీ క్రియ మంచిది, కొంచెం నెమ్మది, అంతే" అన్నారు.

ఒక ఆదివారం చీటీ కోసం నేను స్టేషన్‌కి వెళ్ళాలి. వెళ్ళలేదు. మా నాన్న గెడ్డలో, అంటే ఊరి వాగులో, ఊరబెట్టిన గోగు కట్టలు తేలాయి, నార తియ్యాలి, ఇంటిల్లిపాదీ ముణుకుల్లోతు నీళ్ళలో దిగాం. "సదువు రేపైనా ఉంటాది, గోగు రేపటికి కుళ్ళిపోద్ది" అంది మా అమ్మ. మధ్యాహ్నం వాన కూడా పడింది. సోమవారం పొద్దున్న స్కూలుకి నడుస్తూ, నోటుబుక్కు మోకాలి మీద పెట్టుకుని, దారిలో కల్వర్టు మీద కూర్చుని చీటీ రాసేశాను. మాట: "వెయిట్ డౌన్". ఎవరు: గూడ్స్ బండి గార్డు. ఎక్కడ: చీపురుపల్లి స్టేషన్, చివరి బెంచీ దగ్గర. ఏం జరుగుతోంది: వాన పడుతోంది, దిగి వెళ్దామని ఇంకొకాయన అంటే ఈయన "లెట్ అజ్ వెయిట్ డౌన్ ది రెయిన్" అన్నాడు. నాలుగో గీత చాలా బాగా కుదిరింది. నాకే వాన కనిపించింది.

క్లాసులో చదివాను. మేడం కళ్ళజోడు తీసి టేబుల్ మీద పెట్టారు. "మళ్ళీ సదువు" అన్నారు. మళ్ళీ చదివాను. బరువుతో కుంగదీయడం అని అర్థం వచ్చే "వే డౌన్" ఏమైనా విన్నావా అని అడిగారు. లేదండి, వెయిట్ అనే అన్నాడండి అన్నాను, కళ్ళలోకి చూసి మరీ. ఆవిడ లేచి నిలబడ్డారు. "సూడండే, 'వెయిట్ అవుట్' అంటే వాన పూర్తిగా ఎలిసేదాకా ఆగడం. 'డౌన్' అంటే ఏటయ్యుంటాది? తగ్గేదాకా. పూర్తిగా పోనక్కర్లేదు, గొడుగేసుకుని నడవగలిగేంత తగ్గితే సాలు. ఈ రెండు ఆగడాలూ ఒకటేనా?" క్లాసంతా నా వైపు చూసింది. నవ్విన పిల్లలే చప్పట్లు కొట్టారు. అంతకుముందు గానీ ఆ తరవాత గానీ ఆ స్కూల్లో నాకు చప్పట్లు పడలేదు. ఆ చప్పట్ల మధ్యే చీటీ మడిచి మేడం చేతిలో పెట్టేశాను.

చీటీ వెనక కవరులోకి వెళ్ళింది. ఇంకో ఇద్దరు సాక్షులు కావాలి. వారం తరవాత ఆవిడ నన్ను పిలిచి, "ఆ గార్డు మళ్ళీ కనపడ్డాడేటే?" అని అడిగారు. లేదు మేడం అన్నాను.

అప్పుడు చెప్పేస్తే పోయేది. చెప్పలేదు. పదో తరగతి అయింది, ఇంటర్ అయింది, డిగ్రీ అయింది. ఆవిడ రిటైరై విజయనగరం వచ్చేశారు. నేను ఉద్యోగం వచ్చాక అక్కడే కాపురం పెట్టాను. నెలకోసారైనా వెళ్ళేదాన్ని. వెళ్తే ఏదో ఒక కొత్త మాట దొరికేది. ఇంగ్లీషు దేశాల్లో "పాస్ అవుట్" అంటే సొమ్మసిల్లి పడిపోవడమట, మన పిల్లలంతా కాలేజీ నుంచి "పాస్డ్ అవుట్" అని దరఖాస్తుల్లో రాస్తున్నారు, చదివినవాళ్ళు ఎంత కంగారుపడతారో అని ఆవిడ నవ్వితే మంచం ఊగేది. సెల్‌ఫోన్ వచ్చాక "లాగ్ ఇన్", "స్క్రోల్ డౌన్", "సైన్ అప్" అని కొత్త చీటీలు మొదలెట్టారు. డెబ్బై దాటాక కూడా ఆవిడ చెవి ఎక్కడా ఆగలేదు. వెళ్ళిన ప్రతిసారీ మాటల మధ్యలో ఒకటి అడిగేవారు. "ఆ గార్డు మళ్ళీ కనపడ్డాడేటే?" నేను లేదు మేడం అనేదాన్ని. ఇది మా ఇద్దరి మధ్యా పలకరింపులా అయిపోయింది.

మూడేళ్ళ కిందట పాత విద్యార్థినులం కొందరం కూడి ఆ నోటుబుక్కులన్నీ పుస్తకంగా అచ్చువేయిద్దాం అనుకున్నాం. సాపు రాసే పని నాకు అప్పగించారు, నేను ఇంగ్లీషు లెక్చరర్ని కదా. మేడం ఒప్పుకున్నారు. ఒక్కో నోటుబుక్కూ ఇచ్చారు. వేసవి సెలవులు రెండు పోశాను వాటి మీద. ప్రతి చీటీ కిందా ఒక ఆడపిల్ల పేరు, ఒక ఊరు. రైతుల పిల్లలు, చేపల వాళ్ళ పిల్లలు, అందరి చెవులూ అందులో ఉన్నాయి. చివరికి డబ్ల్యూ మిగిలింది. అడిగితే ఇవ్వలేదు.

"డబ్ల్యూ అవ్వలేదే ఇంకా. ఒకటి తేలాలి" అన్నారు.

"అది వదిలేసి మిగతావి వేసేద్దాం మేడం."

"ఎలా వదుల్తానే? తేలనీ."

ఆ తేలాల్సినది ఏమిటో నాకు తెలుసు. ఎనిమిదో తరగతిలో ఆడిన అబద్ధానికి నలభైకి దగ్గరపడ్డ మనిషి ఇంకా భయపడాలా అని మీరు అనుకోవచ్చు. కానీ ఆ పుస్తకం నిలబడేది ఒకే ఒక్క దాని మీద, మేం విన్నాం అంటే విన్నట్టే అన్న నమ్మకం మీద. ఒక చీటీ దొంగదైతే మిగిలిన ఆడపిల్లలందరి చీటీల మీదా అనుమానం పడుతుంది. పైగా ఆవిడ నా అబద్ధం కోసం పుస్తకం ఆపి కూర్చున్నారు. చెబితే ఆవిడ ముఖం ఎలా మారుతుందో చూడలేననుకున్నాను. ఉద్యోగం వచ్చినప్పుడు మిఠాయి పట్టుకుని చెప్పడానికే వెళ్ళాను, ఇంకేదో మాట్లాడి వచ్చేశాను. ఆవిడ కాలు జారి మంచాన పడ్డప్పుడు వెళ్ళాను, జబ్బు మనిషికి ఎందుకులే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. పిరికిదానికి సాకులకేం కొదవ.

చివరిసారి చూసింది ఆవిడ పోవడానికి పది రోజుల ముందు. బాగా నీరసించిపోయారు. "డ్రాప్ ఆఫ్" అంటే కునుకు పట్టడం అని ఎప్పుడో చెప్పారు, ఆ రోజు మాటకీ మాటకీ మధ్య అలాగే కునికిపాట్లు పడుతున్నారు. కళ్ళు తెరిచి నన్ను చూసి, "గార్డు..." అన్నారు, అంతే. నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. నోటిదాకా వచ్చింది. దేవుడి మీద ఒట్టు, నోటిదాకా వచ్చింది. "వస్తాను మేడం" అని లేచాను. "రా" అన్నారు ఆవిడ.

పదకొండో రోజున వాళ్ళింట్లో భోజనాలయ్యాక, మిగతావాళ్ళు వెళ్ళిపోయాక, చెల్లెలుగారు లోపల్నుంచి డబ్ల్యూ నోటుబుక్కు తెచ్చి నా చేతిలో పెట్టారు. "నీకే ఇమ్మన్నాది" అన్నారు. నిలబడే తిరగేశాను. అంతా పూర్తయి ఉంది. వాక్, వాష్, వేర్, వర్క్, అన్నీ మూడేసి సాక్షులతో, గుండ్రటి దస్తూరితో. వెనక కవరులో ఒక్కటే చీటీ ఉంది. నా చీటీ. పదమూడేళ్ళ నా వంకర అక్షరాలు. "గూడ్స్ బండి గార్డు" అన్న మాట మీద ఒక అడ్డగీత ఉంది. దాని పైన మేడం పెన్సిలుతో "మా ఎనిమిదో తరగతి పిల్ల" అని రాశారు. పక్కన తారీకు వేశారు. నేను చీటీ ఇచ్చిన పై సోమవారం తారీకు అది. వారం తిరగకుండానే ఆవిడకి తెలిసిపోయింది.

చీటీ తిప్పాను. వెనక ఆవిడ ఇంగ్లీషులో ఒక వాక్యం రాసుకున్నారు. "ఐ షల్ వెయిట్ డౌన్ ది చైల్డ్స్ ఫియర్." దాని కిందే తెలుగులో, పిల్ల భయం తగ్గేదాకా నేనాగుతాను, అని రాసి ఉంది.

ఇరవై ఏడేళ్ళు ఆగారు. గార్డు కనపడ్డాడా అని ఆవిడ అడిగినప్పుడల్లా నన్ను నిలదీస్తున్నారనుకుని హడలిపోయాను. ఆవిడ అడిగిన ప్రతిసారీ నాకు తలుపు తీసి పట్టుకున్నారని నాకు తట్టనే లేదు. ఇన్ని మాటలకి అర్థాలు నేర్చుకున్నదాన్ని, ఈ ఒక్క ప్రశ్నకి అర్థం తెలుసుకోలేకపోయాను. నా మీద నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు.

ఆ మాట పుస్తకంలోకి ఎక్కదు. మూడు నోళ్ళు లేవు, ఆవిడ రూలు ఆవిడదే. పుస్తకం మాత్రం వస్తుంది, డబ్ల్యూతో సహా. కవరులోది ఎందుకు కవరులోనే ఉండిపోయిందో ఎవరికో ఒకరికి చెప్పాలి కాబట్టి మీకు చెబుతున్నాను. కానీ మీకంటే ముందు చెల్లెలుగారికి చెప్పాను, ఆ వరండాలోనే, చీటీ చేతిలో పట్టుకుని. "పిన్నిగారూ, గార్డు లేడండి. నేను స్టేషన్‌కే వెళ్ళలేదు. నేనే రాసేశాను" అన్నాను. ఎనిమిదో తరగతి గొంతే వచ్చింది.

ఆవిడ అరుగు అంచున కూర్చుని చెంగుతో ముఖం తుడుచుకున్నారు.

"తెలుసమ్మా. అక్క సెప్పింది. ఆ పై ఆదివారం స్టేషన్‌కెళ్ళి అడిగొచ్చింది, నువ్వు సెప్పిన రోజు అక్కడ గూడ్సే ఆగలేదంట. నువ్వొచ్చినప్పుడల్లా నన్ను నోపలికి ఎలిపోమనేది. 'నువ్వుంటే పిల్ల సెప్పలేదే' అనేది. నేను కాఫీ కలిపేసి, రెండు గ్లాసులట్టుకుని తలుపెనకాల నిల్సునేదాన్ని. ఎప్పుడు సెప్తావో అని ఇనుకుంటా ఉండేదాన్ని. నువ్వు లేస్తన్నావని సప్పుడైతే అప్పుడు తెచ్చేదాన్ని."

నిజమే. ఆ ఇంట్లో ఇన్నేళ్ళలో నేను వేడి కాఫీ తాగలేదు. ఆవిడకి కాఫీ ఇవ్వడం చేతకాదనుకున్నాను.